మూడోసారి దాకా నిలిచిన ఊపిరి

పోయిన చలికాలం మా ఆయన వంగతోటలో మందు కొడుతూ కొడుతూ బోర్లా పడిపోయిన రోజు నుంచే నా సాక్ష్యం మొదలుపెడతాను సహోదరులారా, ఎందుకంటే దేవుడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నది కూడా ఆ రోజు నుంచే. నా పేరు సువార్తమ్మ, చందూర్ దగ్గర ఒక చిన్న ఊళ్లో కూరగాయలు పండించి బోధన్ మార్కెట్‌కు పంపుకుని బతికేవాళ్లం. మూతికి గుడ్డ కూడా కట్టుకోకుండా, వీపు మీద పంపు మోసుకుని ఏళ్ల తరబడి మందు కొట్టిన మనిషి, పురుగు చావాలని కొట్టిన మందు చివరికి ఆయన ఛాతీలోకే పోయింది! నిజామాబాద్‌లో డాక్టరు గారు చూసి, ఇకమీదట ఆ మందుల వాసన కూడా ఈయనకు తగలకూడదని గట్టిగా చెప్పి పంపారు.

మా ఆయన గొంతు సంగతి మా సంఘంలో అందరికీ తెలుసు గానీ చదివే మీకు తెలియదు కదా, చెప్తాను. యాసంగి పంట వడ్లు ఇంటికి చేరాక ఎండాకాలంలోనే మేము కోత పండుగ చేసుకుంటాం, ఎవరు పండించింది వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు, ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు, ఆ వేలం కేక వేసేది ఎప్పుడూ మా ఆయనే. ఆయన ‘మూడోసారి’ అని అరిస్తే రోడ్డు మీద బస్సు ఎక్కబోయేవాళ్లు కూడా ఆగి చూసేవారు! అలాంటి మనిషి మంచినీళ్లు అడగడానికి కూడా ఆయాసపడుతూ, గోడ వైపు తిరిగి పడుకుని, “నాతోని ఇగ గాదు సువార్తా, మందు లేకుంట కూరగాయ పండది, మందు కొడితే నేను బతుక, భూమి కౌలుకిచ్చెయ్యి” అన్నారు. భూమి పోతుందని కాదు, ఈయన ఇక మంచం దిగరేమోనని నాకు భయం పట్టుకుంది. ఎవరితో చెప్పుకోను? వంటింట్లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేదాన్ని.

ఈ ఒక్క ఎండాకాలం మందు లేకుండా నేనే పండిస్తానని మొండికేశాను. ఇంటి వెనక చేనులో సొర, బీర, బెండ, ఒక మూలకు పుదీనా పెట్టాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు ఎండలు ముందే ముదిరాయి. పొద్దున నీళ్లు పెడితే మధ్యాహ్నానికి నేల పెనంలా కాలేది, మొలకలు తలలు వాల్చేసేవి. ఆ గట్టు మీదే మోకరించి, “ప్రభువా, ఈ మొక్కలకు నీడ గావాలె, మా ఇంటాయనకు ఊపిరి గావాలె, రెండూ నీ దగ్గర్నే ఉన్నయి, నాకేం తెల్వది, నువ్వే సూసుకో!” అని ప్రార్థించాను.

మరునాడు పొద్దున్నే పక్క పొలంలో వెంకట్రావు గారు చెరకు కొట్టాక మిగిలిన ఎండుటాకుకు నిప్పు పెట్టబోతున్నారు. మా వైపు అందరూ చేసేదే అది. ఆ పొగ మా ఇంట్లోకి వస్తే ఈయన గతి ఏమిటని పరుగెత్తుకుంటూ పోయి, కాల్చొద్దు, ఆకంతా నేను మోసుకుపోతానని బతిమాలాను. వాళ్ల తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది, ఇప్పటికీ ఆ మాట పోలేదు. “ఈ చెత్త నీకెందుకమ్మా, గేదె కూడా ముట్టదు! సరే, తీసుకుపో, నాకు అగ్గిపుల్ల మిగులుద్ది” అని నవ్వారు.

నేలకు నీడ దొరికిందన్న సంబరంలో ఆ ఆకును మొక్కల మొదళ్ల చుట్టూ దుప్పటి కప్పినట్టు ఒత్తుగా కుక్కేశాను. నేల చల్లబడింది, నిజమే, కానీ కొద్దిరోజులకే సొర తీగలు ఒక్కొక్కటే వాడిపోయాయి! ఒక తీగను పీకి, ఇంట్లోకి తెచ్చి, ఆయన మంచం పక్కన కూలబడి ఏడ్చాను. ఆయన ఇటు తిరిగి ఆ మొదలు చూశారు.

“గిదేందే! ఆకును మొదలుకు ఆనిచ్చి పెట్టినవా? సెదలు తినదా మరి? జానెడు దూరం జరపాలె, పేడనీళ్లు సల్లాలె, గింత తెల్వదా నీకు!” అంటూ, గోడ పట్టుకుని, దగ్గుతూ, తిడుతూ చేనులోకి నడిచారు. మంచం దిగరేమోనని నేను ఏడ్చిన మనిషి నన్ను తిట్టడానికి మంచం దిగారు సహోదరులారా! నా ప్రార్థనకు జవాబు తిట్ల రూపంలో వచ్చింది, హల్లెలూయా!

ఆ రోజు నుంచి ఆయన పొద్దున్నే చేనుకు రావడం మొదలుపెట్టారు. గట్టు మీద కూర్చుని, పందిరి ఎటు వేయాలో, వేప గింజల కషాయం ఎంత పలుచన చేయాలో చెప్పేవారు, నేను చేసేదాన్ని. డాక్టరు గారు రాసిన మాత్రలూ మానలేదు. బెండ సగం పురుగు తిన్నది, ఉన్నమాట చెప్పాలి కదా. కానీ సొర పందిరి అల్లుకుంది, దాని నీడలో పుదీనా ఎంత పచ్చగా లేచిందంటే, బోధన్‌లో మా దగ్గర కొనే, మేము ఖాలా అని పిలిచే ముస్లిం పెద్దమ్మ గంప దించకముందే వాసన చూసి, “మాషా అల్లా, ఇది నాకే ఇయ్యాలె” అని పట్టుకునేది. ఆయన ఊపిరి కూడా ఒక్కరోజులో కాదు గానీ, తీగ పాకినట్టు మెల్లమెల్లగా వచ్చింది.

మొన్న కోత పండుగకు మా సొరకాయలు, పుదీనా గంపలో పెట్టి దేవుని ముందు ఉంచాము. వేలానికి పాస్టరు గారు సంఘంలో వేరే తమ్ముణ్ణి పిలవబోతే, మా ఆయన లేచి ముందుకు నడిచారు. వెంకట్రావు గారు కూడా వచ్చి కూర్చున్నారు, “నా చెత్తతో పండిన కాయ నేనే కొనుక్కోవాలా!” అంటూనే పాట పెంచారు, అందరూ నవ్వారు. “ఒకటోసారి” అన్నారు మా ఆయన. “రెండోసారి” అని ఆగిపోయారు. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నారు. నేను కళ్లు మూసుకుని ‘ప్రభువా, ఇంకొక్క మాట’ అన్నాను. అప్పుడు, “మూడోసారి!” అని ఆయన అరిచిన అరుపుకు బయట చెట్టు మీది కాకులు లేచిపోయాయి! నేను అక్కడే అందరి ముందూ బిగ్గరగా ఏడ్చేశాను.

సహోదరులారా, మీ ఇంట్లో ఎవరైనా గోడ వైపు తిరిగి పడుకుని ఉంటే, దేవునికి చెప్పండి, చెప్పి మీ పని మీరు చేయండి, తప్పుగా చేసినా సరే చేయండి, మీ తప్పులో నుంచి కూడా ఆయన దారి తీయగలడు. నాకైతే ఇప్పుడు రోజూ పొద్దున్నే చేనులో గట్టిగా తిట్లు పడుతున్నాయి, దేవునికే మహిమ!