మంచం కింది బూట్లు

బూటు కొనాలంటే నేనిప్పుడు ముందు దాన్ని తిరగేసి చూస్తాను. పైన తోలు మెరుస్తోందా లేదా అన్నది తర్వాతి సంగతి. సోలు రబ్బరుదేనా, పక్కల కుట్టు ఉందా లేక ఉత్త జిగురేనా, కింది గాడులు బురద రాలిపోయేంత వెడల్పుగా ఉన్నాయా, ఎప్పుడు తయారైందో లేసుల కింది నాలుక మీద రాసి ఉందా, ఇవన్నీ చూస్తాను. దుకాణదారుడు విసుక్కుంటే విసుక్కోనీ. ఈ తెలివి నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఖతర్‌లో ఒక పొద్దున బురదలో కూలబడితే వచ్చింది.

ప్రపంచకప్పు రాబోతోందని దోహా అంతా తవ్వి పోసిన రోజులవి. మా సైటు అల్ తుమామాలో. స్టేడియం కాదు, దానికి దూరంగా ఒక పెద్ద భవనానికి పునాది గుంట. ఎడారి అంటే ఇసుకే అనుకుని వచ్చినవాణ్ణి నేను. గుంటలోకి దిగే దారిలో పైన ఇసుక, నడుమ కాళ్ళు కోసే సున్నపురాయి, అడుగున ఎంత తోడినా ఊరే ఉప్పునీళ్ళ బురద. చాలదన్నట్టు కాంక్రీటు అంటకుండా మేం షట్టరింగ్ పలకలకు పూసే నూనె ఎక్కడపడితే అక్కడ ఒలికి ఉండేది. నాలుగు అంగలు వేస్తే నాలుగు రకాల నేల.

కంపెనీ ఏడాదికోసారి రెండేసి జతల బూట్లు ఇచ్చేది. ఆ విషయంలో కంపెనీని ఒక్క మాట అనను. మేం తొడుక్కుంటే కదా! గదిలో ఆరుగురం, అందరం జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్ళం. కొత్త జత చేతికి రాగానే ఓసారి వాసన చూసి, కవరులో చుట్టి, మంచం కింది పెట్టెలో పెట్టేవాళ్ళం. సెలవు దొరికి ఛుట్టీకి ఊరెళ్ళేటప్పుడు ఒకటి అన్నకు, ఒకటి బావకు. దుబాయ్ బూట్లంటే మా ఊళ్ళో అంత మోజు. నేనున్నది ఖతర్ అని చెప్పీ చెప్పీ మానేశాను. పాత జత మాత్రం వేళ్ళ మీది ఇనుప తొడుగు బయటపడేదాకా మా కాళ్ళకే.

మా అన్నది గుట్ట కింద మక్క చేను. కంకి పాలు పోసుకుంటే చాలు, కోతులు దిగుతాయి. అన్న ఒడిసెల పట్టుకుని వాటి వెంట బండలెక్కి ఉరుకుతాడు. ఇంతవరకు ఒక్క కోతికీ రాయి తగిలింది లేదు. కిందటి వానాకాలం పాకురు పట్టిన బండ మీద రబ్బరు చెప్పు జారి, కుడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. రెండు నెలలు వదినే అన్నం కలిపి పెట్టింది. ఈసారి పడితే చేతితో పోతుందా, తలకు తగులుతుందా అని నాకు ఒకటే భయం. అందుకే దాచిన జతల్లో ఒకటి, ఛుట్టీకి పోతున్న పక్క ఊరతనికి ఇచ్చి పంపాను. ఇవి తొడుక్కునే గుట్ట ఎక్కాలని ఫోన్లో గట్టిగా చెప్పాను. అన్న సరే అన్నాడు.

మా స్టోర్ కీపర్‌ది జగిత్యాలే. భాయ్ అని పిలిచేవాణ్ణి. ఒకరోజు డ్యూటీ దిగి వస్తుంటే నన్ను ఆపి, నా కాలు ఎత్తించి, బూటు అడుగు చూశాడు.

"ఏందిరా ఇది? రొట్టె పెనం లెక్క నున్నగైంది. నేనిచ్చిన జోడీలన్నీ ఏం జేసినవ్? రేపు గివే ఏసుకొనొస్తే గేటు దాటనియ్య, ఒట్టు."

నాకు ఒళ్ళు మండింది. నా కాళ్ళు, నా బూట్లు, మధ్యలో ఈయన పెత్తనమేమిటి! అయినా గేటు దగ్గర గొడవెందుకని, మర్నాడు పెట్టెలోంచి అన్నిటికన్నా పాత జత తీసి తొడిగాను. రెండేళ్ళ కిందటిదైనా తళతళలాడుతోంది. పెళ్ళికొడుకులా నడిచాను. గుంట దారిలో సగం దిగానో లేదో, కుడి కాలి కింద ఏదో మెత్తగా విరిగింది. చూస్తే సోలు చాయ్‌లో ముంచిన బిస్కట్టులా ముక్కలై రాలుతోంది. ఎడమ కాలు ఆనించేలోపు అదీ ఊడింది. జర్రున అడుగుదాకా జారి నీళ్ళలో కూర్చున్నాను. దెబ్బేం తగల్లేదు. నేపాలీలు, బెంగాలీలు, మావాళ్ళు, అందరూ పడీ పడీ నవ్వారు.

భాయ్ మాత్రం నవ్వలేదు. ఊడిన సోలు ముక్కను వేళ్ళతో నలిపి పొడి చేసి చూపించాడు. "ఈ మాల్ గసొంటిది. తొడిగి నడుస్తుంటెనే గట్టిగుంటది. పెట్టెల పెట్టి ఏండ్లకేండ్లు ఉంచితె, ఈ గర్మీకి, ఉక్కకు లోపల్లోపలే ఖరాబైతది. పైకేం తెల్వది."

ఆ మాటతో నాకు నవ్వేవాళ్ళ మొహాలు కనపడలేదు. మా గుట్ట మీది బండ కనపడింది. అన్నకు పంపిన జత, ఈ జత ఒక్కరోజే ఇచ్చినవి. ఒకే పెట్టెలో పక్కపక్కన పెట్టినవి.

మధ్యాహ్నం ఎండకు పని ఆపగానే రేకుల షెడ్డు కింద చేరి ఫోన్ మీద ఫోన్ చేశాను. అన్న ఎత్తలేదు, వదిన ఎత్తలేదు. బూట్లు తొడగకు అని వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపితే ఒక్క టిక్కే పడింది. వాన పడితే మా ఊళ్ళో సిగ్నల్ ఉండదని నాకు తెలుసు. వాన పడితే బండ తడిసి ఉంటుందనీ తెలుసు. అన్నను నా చేతులతో నేనే తోసేసినట్టనిపించింది. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు.

మళ్ళీ డ్యూటీకి పిలిచే ముందు వదిన ఎత్తింది.

"వదినా, అన్న ఏడి?"

"చేన్ల ఉన్నడు. ఏమైంది, గట్ల ఒగరుస్తున్నవ్?"

"నేను పంపిన బూట్లు తొడుక్కొని పోయిండా?"

వదిన నవ్వింది. "అవా? కవరు సుట్టి దండేనికి ఏలాడదీసిండు. గంత మంచియి బురదల తొక్కుతరా అంటడు. నువ్వొచ్చిన్నాడు తొడుక్కొని బస్టాండుకు ఎదురొస్తడట."

"మరి గుట్ట ఎట్ల ఎక్కుతుండు?"

"ఉత్త కాళ్ళతోనే. చెప్పినా ఇంటడా మీ అన్న?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ కలిసి దగ్గొచ్చింది. మా ఇంటి పిసినారితనానికి ఆ పూట చేతులెత్తి మొక్కాను. చల్లారిపోయిన అన్నం అంత రుచిగా మళ్ళీ ఎన్నడూ తినలేదు. దండేనికి ఉన్నవాటిని తీసి పారేయమని మాత్రం వదినకు ఒట్టు పెట్టి చెప్పాను.

శుక్రవారం సెలవు నాడు భాయ్‌ని వెంటబెట్టుకుని అబూ హమూర్‌లోని బూట్ల దుకాణానికి వెళ్ళాను. వదిన బట్టలు కుట్టే టేపుతో అన్న పాదం కొలిచి ఫోన్లో చెప్పింది. నా సంచిలో సైటు నుంచి తెచ్చిన పలక ముక్క ఉంది, దానికి షట్టరింగ్ నూనె పూసి ఉంది. ఒక్కో బూటూ తొడుక్కోవడం, ఆ పలక మీద నిలబడి ముందుకు వాలడం. రెండు జతలు సర్రున జారాయి. ఒకటి ఆగింది గానీ ముందు ఇనుముతో మణుగు బరువుంది. దాంతో కోతి వెంట ఏం ఉరుకుతాడు? నాలుగోది తేలిక, మడమ పైదాకా పట్టుకుంది, సోలు వంచితే వంగి మళ్ళీ నిటారైంది. పలక మీద కదల్లేదు. భాయ్ నాలుక ఎత్తి తేదీ చదివి, "తాజా మాల్" అన్నాడు, చేపలు కొంటున్నట్టు.

ఆ వారమే ఆయన ఛుట్టీకి పోతూ వాటిని తీసుకెళ్ళాడు. "నేనే తొడిగిచ్చి, బండ ఎక్కిచ్చి, అటెన్క మా ఇంటికి వోత. నీ మీద నాకు భరోసా లేదు, మీ అన్న మీద అస్సలే లేదు" అన్నాడు.

నాలుగు రోజులకు అన్న వీడియో కాల్ చేశాడు. ఫోన్ కిందికి తిప్పి కాళ్ళు చూపించాడు. బూట్లు కనపడనంత బురద.

"పాకురు మీద నిలవడి రాయి ఇసిరిన రా. కోతికి తగల్లే గని, నేను జారలే."

గుండె మీది బండ దిగినట్టయింది. ఆ బురదను కళ్ళారా చూసుకుంటూ ఉండిపోయాను.

"మరి నీ కాళ్ళకేమున్నయ్ రా? సూపియ్యి" అన్నాడు.

నేను పడ్డ రోజే భాయ్ స్టోరులోంచి నాకు మంచి జత ఇచ్చాడు. మూడు రోజులు తొడిగాను. ఆయన విమానమెక్కగానే, బావకు బాగుంటాయని కడిగి ఆరబెట్టి కవరులో చుట్టేశాను. ఆ పూట నా కాళ్ళకున్నది పాత రొట్టె పెనమే. సిగ్నల్ లేదని అబద్ధమాడి ఫోన్ పెట్టేశాను. మంచం కింది పెట్టె లాగి, కొత్త జత తొడుక్కుని, లేసులు బిగించి మళ్ళీ చేశాను.

"ఇగో, సూడు."

అన్న ఫోన్ కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూశాడు.

"మరి బురదేదిరా?" అన్నాడు.