కనుబొమల మధ్య గీత

ఫొటో స్టూడియోలో అందరూ ఆవిడకి పెట్టిన పేరు నునుపమ్మ. పద్దెనిమిదేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని ఊరందరి మొహాల మీది మచ్చలు, మొటిమలు, ముడతలు చెరిపేయడమే ఆవిడ కొలువు. ఆవిడ చేతిలో పడ్డ అరవయ్యేళ్ల పెద్దమనిషి అప్పుడే పెంకు ఒలిచిన గుడ్డులా బయటికొచ్చేవాడు. పాస్‌పోర్టు ఆఫీసువాళ్లు "ఈ ఫొటోలో ఉన్నది మీ అబ్బాయా?" అని వెనక్కి పంపిన సందర్భాలూ ఉన్నాయి. వాటిని ఆవిడ పొగడ్తల కిందే జమకట్టుకుంది.

అలాంటి కొలువుకే ఎసరు వచ్చింది. ఒక్క నొక్కుతో మొహమంతా నున్నగా చేసిపెట్టే సాఫ్ట్‌వేర్‌ని యజమాని కొనుక్కొచ్చాడు.

"ఏమ్మా, నీ పనంతా ఇది చేసేస్తోంది. మధ్యలో టీ కూడా అడగదు," అన్నాడు ఎంతో దయగా. "ఇప్పుడు జనం చేత్తో వేసిన బొమ్మలు అడుగుతున్నారు. ట్యాబ్లెట్ మీద అచ్చం మనిషిలాగే ఉండే బొమ్మ ఒకటి వెయ్యి. సోమవారానికల్లా స్టూడియో ముందరి అద్దాల్లో పెడదాం. బాగుంటే ఉంటావు. లేకపోతే..."

లేకపోతే ఏమిటో చెప్పకపోవడం ఆయన మర్యాద.

బొమ్మకి మనిషి కావాలి. మొగుణ్ణి కూర్చోబెడితే రెండో నిమిషంలోనే గురక పెట్టాడు. ఇక మిగిలింది అత్తగారు. టీవీ ముందు కూర్చుంటే భూకంపం వచ్చినా కదలదు. పైగా ఉచితం.

మొదటి బొమ్మకి రెండు రోజులు పట్టింది. అలవాటు ఊరుకోదుగా! తెర మీద నాలుగింతలు పెద్దది చేసుకుని, ముక్కు ఒకసారి, చెంప ఒకసారి, ముక్కముక్కలుగా వేసింది. వేస్తున్నకొద్దీ చెయ్యి తనంతట తానే ముడతల్ని మింగేసింది. "అబ్బ, మా అమ్మ ఎంత కళగా ఉందో!" అని మొగుడు మురిసిపోయాడు. అత్తగారు కళ్లజోడు సర్దుకుని చూసింది.

"బాగుంది. ఎవరే ఈవిడ?"

నునుపమ్మకి తల కొట్టేసినట్టయింది. వేల మొహాలు దిద్దింది గానీ ఒక్క మొహాన్నీ మొత్తంగా చూసిన పాపాన పోలేదు. ఏ మచ్చ ఎవరిదో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది, ఆ మనిషే వీధిలో ఎదురొస్తే మాత్రం పోల్చుకోలేదు.

మర్నాడు కుర్చీ నాలుగడుగులు వెనక్కి జరుపుకుంది. కళ్లు సగం మూసి అత్తగారి వంక చూసింది. అలా చూస్తే చిన్నచిన్నవన్నీ పోయి వెలుగూ నీడా మాత్రమే మిగులుతాయి. ముందు పెద్ద కుంచెతో నీడలు పరిచింది. వాటి మీద జారిన చెంపలు, వాలిన ఎడమ రెప్ప మెల్లిగా వచ్చి కుదురుకున్నాయి.

"అట్లా కళ్లు మూసుకుని చూస్తావేం? నా మొహం అంత భయంకరంగా ఉందా?"

"కదలకండి అత్తయ్యా. మీ కనుబొమల మధ్య ఈ గీత ఇంత లోతుందేమిటి? అలిగి అలిగి పడిందా?"

"అలగడానికి నాకు తీరికెక్కడిది? నువ్వు ఏనాడన్నా వేళకి ఇల్లు చేరావా? పద్దెనిమిదేళ్లు గుమ్మంలో నిలబడి వీధి చివరికి చూసీ చూసీ పడింది. అంతా నీ పుణ్యమే. నువ్వే గియ్యి."

ఇన్నేళ్లూ నునుపమ్మ ఆ చూపుని ఆరా తీయడం అనుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, సిగ్గు కూడా వేసింది. ఆ గీతని మూడుసార్లు చెరిపి నాలుగోసారి గీసింది.

ఆదివారం బొమ్మని యజమానికి పంపింది. సోమవారం పొద్దున వెళ్లేసరికి అద్దాల్లో ఉంది. చెంపలు నిగనిగలాడుతున్నాయి. గీత ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"బొమ్మ బ్రహ్మాండం!" యజమాని చేతులు రుద్దుకున్నాడు. "పెద్దావిడ కాస్త దిగులుగా ఉందని సాఫ్ట్‌వేర్‌తో ఒక్క నొక్కు నొక్కా. నీ కొలువు ఖాయం, పో!"

"ఆ గీత నాది సార్. తెచ్చిపెట్టండి."

"ఒక్క గీతకి ఇంత గొడవేంటమ్మా? నువ్వు చెరిపినన్ని గీతలు ఈ భూమ్మీద ఇంకెవరన్నా చెరిపారా?"

నిజమే మరి. ఎవరి కోసం ఎవరు ఎదురుచూస్తే పడ్డవో, అన్నీ తుడిచేసింది.

"అయినా సరే. నేను వేసిందే పెట్టండి. లేదంటే ఆ కుర్చీలో మీ సాఫ్ట్‌వేర్‌నే కూర్చోబెట్టుకోండి."

యజమాని గొణిగాడు. "సరే, వారం చూస్తా. ఒక్క ఆర్డరూ రాకపోతే నీ దారి నీది."

ఖాయమైన కొలువుని చేజేతులా వారానికి కుదించుకున్న ఆ మహాతల్లి, రోజు పనంతా ముగించి, బొమ్మ మళ్లీ ప్రింటు తీయించి, ఫ్రేము బిగించి, ఇల్లు చేరేసరికి వీధిదీపాలు వెలిగాయి.

అత్తగారు గుమ్మంలోనే ఉంది.

"ఇప్పుడా రావడం?"

నునుపమ్మ మెట్టు మీదే ఆగి, కళ్లు సగం మూసి చూసింది.

"అత్తయ్యా, బొమ్మలో మీ గీత లోతు కాస్త తక్కువ పడింది."

"పడదూ మరి? అందులో ఇవాళ్టిది లేదుగా. లోపలికి రా, నిలబడీ నిలబడీ కాళ్లు లాగేస్తున్నాయి."