ఏడుపు వద్దన్న ఇల్లు

కొత్తకోటలో బట్టలు కుట్టే ఒకాయన ఉండేవాడు. జనం ఆయన్ని గురువు అనేవాళ్ళు. నేను ఏనాడూ అలా పిలవలేదు. చదివేవాళ్ళకు తెలియడం కోసం మాత్రమే ఇప్పుడు ఆ మాట వాడుతున్నాను. ఆయనకు వచ్చిన విద్యలు రెండే. ఒకటి పైజామాలు కత్తిరించడం, రెండోది మాటలు కత్తిరించడం. పైజామా కుదరకపోతే ఆయన మొహాన కొట్టి రావచ్చు. ఆయన ముక్కలు చేసి చేతిలో పెట్టిన మాటను మాత్రం జ్ఞానమని కళ్ళకద్దుకుని ఇంటికి తెచ్చుకోవాల్సిందే.

సంసారంలో సారముందా అని అడిగి, లేదని తానే జవాబు చెప్పేవాడు. కాయం ఉన్నాక గాయం తప్పదనేవాడు. జీవితంలోంచి ‘వి’ తీసేస్తే జీతం మిగులుతుందని, ఆ ‘వి’ అంటే వివేకమని, వివేకం పోగొట్టుకున్నవాడే జీతానికి కుదురుతాడని చెప్పేవాడు. శిష్యులు తొడలు చరుచుకుని నవ్వేవాళ్ళు, ఆ వెంటనే పెద్ద రహస్యమేదో విన్నట్టు కళ్ళు మూసుకునేవాళ్ళు. ఎవరు వాళ్ళు? గొర్ల కాపరులు, మగ్గం నేసేవాళ్ళు, గిర్నీలో జొన్నలు పట్టేవాళ్ళు. వారమంతా ఒళ్ళు హూనం చేసుకుని, సోమవారం సాయంత్రం కాళ్ళు కడుక్కుని వచ్చి, బతుక్కి అర్థమేమిటో చెప్పమని ఆ కుట్టుమిషను ముందు చాప మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళను చూస్తే నాకు జాలి కలగాల్సింది. ఒళ్ళు మండేది.

ఆ చాప మీద మా నాయన కూడా కూర్చునేవాడు. నా మంటకు అసలు కారణం అదే.

మా నాయన గొర్లు కాసేవాడు. ఎండాకాలం మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్ళి, వానలు పడ్డాక తిరిగొచ్చేవాడు. గొర్లను అదిలించడానికి తప్ప పెద్దగా నోరు తెరిచే మనిషి కాదు. యాభైల మొదట్లో, ఆయన ఏటి ఒడ్డున ఉండగా, నా చెల్లెలికి అమ్మవారు పోసింది. కబురు అందుకుని ఆయన వచ్చేసరికి పిల్లను పూడ్చిన మట్టి ఎండిపోయి ఉంది.

మా అమ్మ ఏడ్చింది. మా వైపు ఆడవాళ్ళ ఏడుపు ఊరికే కళ్ళనీళ్ళు కార్చడం కాదు. ఒకరి మెడ ఒకరు పట్టుకుని, రాగం తీసి, పోయిన మనిషిని పిలుస్తారు. ఆ మనిషి ఏం తిన్నదీ, ఏమన్నదీ, ఎప్పుడు అలిగిందీ, ఎవరికి ఏం చేసిందీ అంతా చెబుతారు. దాన్ని శోకం పెట్టడం అంటారు. మా అమ్మ శోకం పెడితే పక్క ఊళ్ళవాళ్ళు కూడా పని ఆపి వినేవాళ్ళు. ఎవరింట్లో చావు జరిగినా ముందు ఆమెకే కబురు వచ్చేది. చెల్లెలి కోసం ఆమె అలా ఏడ్చీ ఏడ్చీ, ఒకనాడు లేచి జొన్నలు దంచడం మొదలుపెట్టింది.

మగవాళ్ళకు ఆ వీలు లేదు. మా నాయన గోడకు ఆనుకుని కూర్చుని, వచ్చినవాళ్ళనల్లా ఒకటే అడిగేవాడు. “గా పోరి ఎందుకు పుట్టినట్టు? ఎందుకు పోయినట్టు?”  జవాబు చెప్పినవాడు ఆ దర్జీ ఒక్కడే.

“మరణంల నుంచి ‘మ’ తీసెయ్. ఏం మిగిల్తది? రణం. నీ బిడ్డ రణం గెల్సి పోయింది. గెల్సినోళ్ళ కోసం ఎవలన్న ఏడుస్తరా?”

మా నాయన నవ్వాడు. బిడ్డ పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు వల్ల ఆయన బతికాడేమో, నేను కాదనను. కానీ అమ్మవారు పోసి మూసుకుపోయిన కళ్ళతో మా చెల్లెలు ఏ రణం గెలిచిందో నాకు ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. ఒక అక్షరం ఊడబీకితే చావు గెలుపైపోతుందని నమ్మినవాళ్ళ తెలివికి ఏ పేరు పెట్టాలో కూడా తెలియదు.

నాయన ఉపదేశం తీసుకున్నాడు. తల మీద గుడ్డ కప్పి, గురువు ఆయన చెవిలో ఏదో ఊదాడట. అప్పటినుంచి మా ఇంట్లో సూటిగా ఒక మాట అడిగే దిక్కు లేకపోయింది. అమ్మ “తిన్నవా?” అని అడిగితే “తినేటోడెవడు?” అనేవాడు.

“ఎవడో నాకెర్క లేదు. జొన్న గటుక కుండ మాత్రం ఖాళీ అయింది” అనేది అమ్మ.

ఆయన పడీపడీ నవ్వేవాడు. అమ్మ నవ్వేది కాదు. కుండ కడగాల్సింది ఆమె కదా.

ఆ ఉపదేశంలో ఒక నియమం ఉంది. శిష్యుడు చనిపోతే అతను చనిపోయినట్టు కాదట. శవాన్ని పడుకోబెట్టకూడదు, కూర్చోబెట్టి తాళాలు వాయిస్తూ తీసుకువెళ్ళి కూర్చోబెట్టే పూడ్చాలి. ఆ ఇంట్లో ఏడుపు వినిపించకూడదు. ఒకరోజు నాయన ఇంటికొచ్చి అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట అడిగాడు. “నేను పోయిననాడు నా ఇంట్ల ఏడుపు ఉండొద్దు. ఉంటే నాకు జన్మ వాపసొస్తది, మళ్ళ పుట్టాలె. మాట ఇయ్యి.”

“నువ్వేం పోతలేవు గని, గొర్ల కాడికి పో” అంది అమ్మ.

ఆయన కదల్లేదు. చివరికి విసుగొచ్చి ఆమె ఆయన చేతిలో చెయ్యి వేసింది.

అరవైల్లో ఒక కరువు ఏడాది, కృష్ణ ఒడ్డు నుంచి తిరిగొస్తూ దారిలో అకాల వానకు తడిసి, నాయన జ్వరంతో ఇల్లు చేరాడు. వనపర్తి దవాఖానకు తీసుకుపోదామంటే, “రోగం ఎవనికి?” అన్నాడు.  ఆ రోగం ఎవరిదో నాలుగు రోజులు తిరక్కుండానే తెలిసింది. అప్పటికి నేను పక్క ఊరి బడిలో పంతులుగా చేరి ఉన్నాను. పిల్లలకు అక్షరాలు నేర్పించేవాణ్ణి నేను. ఆ అక్షరాలనే విరిచి మా నాయన ప్రాణం తీసినవాడు ఆ దర్జీ. నేను ఇలాగే అనుకున్నాను, ఇలాగే అంటాను.

చుట్టాల ఆడవాళ్ళు వచ్చి అమ్మ చుట్టూ కూర్చున్నారు. అమ్మ నాయన మొహంలోకి చూస్తూ ఊపిరి లోపలికి పీల్చుకుంది. శోకం ఎత్తుకునే ముందు అలాగే పీల్చుకుంటుంది. అప్పుడే గురువు గుమ్మంలోకి వచ్చి చెయ్యి ఎత్తాడు.

“ఆగు తల్లీ. ఎవలు పోయిండ్రని ఏడుస్తవ్? దుఃఖంల ‘ఖం’ అంటే ఆకాశం. ఉత్త బయలు. బయలు కోసం ఏడ్సుడేంది? నీ పెనిమిటికి మాట ఇచ్చినవు, మర్వకు.”

వెనకున్న శిష్యులు ఒక్కసారిగా తాళాలు కొట్టారు. అమ్మ పీల్చుకున్న ఊపిరి అలాగే దిగమింగింది. నాయనకు విభూతి పూసి, దండ వేసి, కుర్చీలో కట్టి కూర్చోబెట్టి పాటలు పాడుతూ తీసుకుపోయారు. దారిలో గురువు ఏదో చమత్కారం విసిరాడు. మోసేవాళ్ళు నవ్వారు. ఆ నవ్వుకు నాయన తల ఒక పక్కకు ఒరిగింది. ఆయన కూడా విని నవ్వుతున్నాడని ఒక శిష్యుడు అన్నాడు. అంత నీచమైన మాట నేను మళ్ళీ వినలేదు.

గాజులు పగలగొట్టడానికి వచ్చిన ముసలమ్మలను గురువు వెనక్కి పంపేశాడు. ఆయన చేసిన మేలు అదొక్కటే, ఒప్పుకుంటాను. చేతినిండా గాజులతో అమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. గొర్లను మా చిన్నాన్నకు అప్పగించింది. చావు కబురు చెప్పడానికి ఎవరొచ్చినా తలుపు దగ్గరికి వేసేది. ఎత్తిన ముద్ద నోటిదాకా తెచ్చి దించేసేది. పొయ్యి ముందు కూర్చుంటే పొయ్యి ఆరిపోయినా లేచేది కాదు. ఊళ్ళో ఆడవాళ్ళు, మొగుడి కోసం ఒక్క చుక్క రాల్చలేదు, అది గుండెనా బండనా అనుకునేవాళ్ళు. మనిషి నా కళ్ళముందే ఎండిపోతోంది. ఏడిస్తే తప్ప ఆమె బతకదని నాకు అర్థమైంది.

“ఏడువమ్మా. ఆయన పోయిండు, ఇగ ఎవలడుగుతరు?” అన్నాను.

“మాట ఇచ్చిన కొడకా” అంది. 

నేను కొత్తకోట వెళ్ళి దర్జీ దుకాణంలో నిలబడ్డాను. ఆయన మిషను తొక్కుతున్నాడు. మూలన ఆయన భార్య కాజాలు కుడుతోంది. ఎన్ని సోమవారాలు ఆమె ఆ శిష్యులందరికీ చాయ్ కాచి పోసిందో, ఆమెను ఒక్కడైనా ఒక్క ప్రశ్న అడగడం నేను చూడలేదు.

“మా అమ్మ మాట నువ్వే వాపసు ఇయ్యి. ఆమెను ఏడ్వనియ్యి. లేకుంటే సచ్చిపోతది” అన్నాను.

ఆయన మిషను ఆపాడు. మొహం మీద ఆ పాత వెలుగు వచ్చింది. మా అమ్మ ప్రాణం పోతున్నా ఈయనకు ముక్కలు చేయడానికి ఒక మాట దొరికిందని అప్పుడే తెలిసిపోయింది.

“ఏడుపుల ఏమున్నది బిడ్డా? ఏడు ఉన్నది. ఒంట్ల ధాతువులు ఎన్ని? ఏడు. గా ఏడింటి కోసం చేసేదే ఏడుపు. పంతులువు, నీకు గీ లెక్క తెల్వదా?”

బట్టలకు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు భలే అన్నారు. నేను తిరిగొచ్చేశాను. కొట్టకుండా వచ్చినందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను. ఆయన భార్య మాత్రం నవ్వలేదు. సూది పట్టుకుని నా వైపే చూస్తూ ఉంది.

మరుసటి ఎండాకాలం గురువు పోయాడు. మిషను మీద కూర్చునే పోయాడని, కాబట్టి కూర్చోబెట్టే శ్రమ కూడా శిష్యులకు తప్పించాడని చెప్పుకుని మురిసిపోయారు. కబురు మా ఊరికి వచ్చినప్పుడు నేను వెళ్ళేది లేదన్నాను. అమ్మ లేచి చెంగు బిగించింది.

“నేనొస్త. నడువు” అంది.

నేను వద్దన్నా వినలేదు. రోడ్డు వెంట ఎండలో నడిచి వెళ్ళాం. కొత్తకోటలో ఆ ఇంటి ముందు శవాన్ని కుర్చీలో పెట్టి, దండలతో మెడదాకా కప్పారు. తాళాలు, పాటలు, మధ్యమధ్య ఆయన చమత్కారాలు చెప్పుకుని నవ్వులు. ఆయన భార్య గోడ పక్కన ఒంటరిగా కూర్చుని ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. ఆమె దగ్గర కూడా మాట తీసుకునే ఉంటాడు.

అమ్మ శవం వైపు చూడలేదు. నేరుగా వెళ్ళి ఆమె పక్కన కూలబడి, మెడ చుట్టూ చేతులు వేసి, ఊపిరి పీల్చుకుని ఎత్తుకుంది.

“ఓ నా పిల్లల నాయినా... నీ ఇంట్ల ఏడువద్దంటివి, ఏడ్వకపోతి. నీ మాట నిలవెడితి. ఇది నీ ఇల్లు గాదు నాయినా, ఇది మంది ఇల్లు, పరాయి ఇల్లు...”

తాళాలు తడబడ్డాయి. ఒక శిష్యుడు ఆపబోయాడు. “వద్దు, గురువు మీద ఆమెకు గంత భక్తి” అని ఇంకొకడు అడ్డుపడ్డాడు. వాళ్ళ మొద్దు చెవులకు మొదటిసారి నేను దణ్ణం పెట్టుకున్నాను. అమ్మ ఏడుస్తూనే ఉంది. ఈనిన గొర్రె ఏటిలో కొట్టుకుపోతుంటే నాయన మెడలోతు నీళ్ళలో దిగిన సంగతి చెప్పింది. బిడ్డ గోరీ మీద రాత్రి ఒక్కడే పడుకుని, పొద్దున మంద దగ్గర పడుకున్నానని ఆయన అబద్ధమాడిన సంగతి చెప్పింది. అది నాకు తెలియదు. నన్ను బడికి పంపడానికి ముద్దుగా పెంచుకున్న పొట్టేలును అమ్మి, ఆ పూట ఆయన అన్నం ముట్టకుండా లేచిన సంగతి చెప్పింది. అదీ నాకు తెలియదు. గురువు గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆయన భార్య ముందు వింది, తర్వాత తానూ అమ్మ మెడ పట్టుకుంది, ఆ తర్వాత తన గొంతు కూడా కలిపింది. ఆమె ఎవరి కోసం ఏడ్చిందో నాకు తెలియదు. ఆయన కోసం మాత్రం కాదని నా నమ్మకం.

శవాన్ని తీసుకుపోయినా వాళ్ళిద్దరూ లేవలేదు. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్కన రాయి మీద అమ్మ కాసేపు కూర్చుంది. గొంతు పూర్తిగా పోయింది. మొహం తుడుచుకుని, గాజులు ఒక్కొక్కటే తానే తీసి కొంగులో కట్టుకుంది.

“గిప్పుడు సచ్చిండు రా మీ నాయిన” అంది.