నల్లసిరా పువ్వులు

నాకు రాయడం అలవాటు లేదండి. అయిదో తరగతితో ఆపించేశారు. ఎక్కడ మొదలెట్టాలో కూడా తెలీడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మా నాన్న పెద్దాపురంలో బట్టల కొట్లో గుమస్తా. ఆయన దస్తూరీ చాలా బాగుండేది. నన్ను నిడదవోలు ఇచ్చాక, జనవరి ఒకటో తారీకుకి అందేలా కార్డు రాసేవారు. నా పెళ్ళయిన మూడో ఏడు ఆయనకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా ముద్దగా వచ్చేది. ఇంక కార్డు రాదనే అనుకున్నాను.

ఆ చలికాలం ఒకరోజు నేను బట్టలుతకడానికి కాలవకి వెళ్తే కార్డు వచ్చింది. పెద్దాపురం నుంచని చెప్పి పోస్టుమాన్ మా అత్తగారి చేతికిచ్చి వెళ్ళిపోయాడంట. ఆవిడకి చదువు రాదు. తిప్పి చూస్తే కార్డంతా నల్లటి మచ్చలు. మా వైపు చావు కబురు కార్డులు నల్లగా వస్తాయి. వాటిని ఇంట్లోకి తేరు, అక్కడే చింపేస్తారు. ఆవిడ కూడా వీధిలోనే చింపి మురుక్కాలవలో పారేశారు.

నేను తడిబట్టలతో వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉన్నారు. చేతిలో బట్టలు కింద పెట్టమన్నారు.

"మీ నాన్నగారు మనకి లేరమ్మా," అన్నారు.

మా ఆయన డ్యూటీలో ఉన్నారు. పక్కింట్లో చెప్పి ఇద్దరం రైలెక్కాం. సామర్లకోట దాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. అంతకు ముందెప్పుడూ పట్టుకున్న మనిషి కాదు. నాకేమో ఏడుపే రాలేదు.

అక్కడ దిగి పెద్దాపురం చేరాక, మా పుట్టింటి వీధి మొదట్లోనే ఆవిడ శోకం ఎత్తుకున్నారు. అన్నయ్యా, మమ్మల్నొదిలేసి వెళ్ళిపోయావా అని. చుట్టుపక్కలోళ్ళు బయటికొచ్చారు. మా అమ్మా వచ్చింది. నుదుట బొట్టుంది. చేతిలో బెండకాయ ముక్క ఉంది.

లోపల నాన్న మంచం మీద గోడకానుకుని కూర్చున్నారు. ఒళ్ళో పీట, పీట మీద కార్డులు. ఎడమచేతి వేళ్ళు నల్లగా ఉన్నాయి. పక్కింటి పిల్ల నేర్పిందంట, బెండకాయ తొడిమ దగ్గర అడ్డంగా కోసి సిరాలో ముంచి అద్దితే పువ్వు పడుతుందని. అక్షరం రాయలేరు కదా, అందుకని కూతుళ్ళకీ చుట్టాలకీ పువ్వులద్ది పంపుదామనుకున్నారు. అడ్రసులు ఆ పిల్లే రాసింది. ఇంట్లో ఉన్నది నల్లసిరా ఒక్కటే.

ఎవరి కోసం ఏడుస్తున్నారని నాన్న అడిగారు. ఆయన మా అత్తగారి మొహం చూశారు, కార్డుల వైపు చూశారు. అర్థమైపోయింది. ఎడమచేత్తో పీట పక్కకి నెట్టేశారు.

"ఇంకెవరికీ పంపొద్దే," అన్నారు అమ్మతో. గోడ వైపు తిరిగిపోయారు.

జబ్బు చేశాక ఆయన కావాలని చేసిన పని అదొక్కటే. అది కూడా మానేస్తే ఆ మంచం మీద ఇంకేముంటుంది ఆయనకి. నాకు అప్పుడొచ్చింది ఏడుపు.

మా అత్తగారు కొంగుతో మొహం తుడుచుకున్నారు. మా అమ్మనడిగి పసుపూ సున్నమూ తెప్పించుకుని, పళ్ళెంలో నీళ్ళు పోసి కలిపారు. ఎర్రగా అయింది. ఆ పళ్ళెం పట్టుకుని మంచం పక్కన కింద కూర్చున్నారు.

"అన్నయ్యగారూ, మీరు పంపింది నేనే చింపేశానండి. చూసి భయపడిపోయాను. మా ఇంటికి ఇంకోటి వేసివ్వండి. లేకపోతే నేను ఇక్కణ్ణించి కదలను."

నాన్న చాలాసేపు తిరగలేదు. అమ్మ బెండకాయ కొత్తగా కోసి పక్కన పెట్టింది. చివరికి ఎడమచెయ్యి చాపారు. కార్డు జారకుండా మా అత్తగారు రెండు చేతులతో నొక్కి పట్టుకున్నారు. మొదటి పువ్వు అలికిపోయింది. రెండోది ఒకవైపే పడింది. ఆవిడ బాగుందనీ అనలేదు, బాలేదనీ అనలేదు. ఇంకోటి అన్నారంతే.

ఆ రాత్రే తిరుగురైల్లో ఆవిడ ఆ కార్డు సంచిలో పెట్టలేదు. ముద్దగా పడినచోట ఇంకా తడారలేదని అరచేతిలోనే పట్టుకుని నిడదవోలు దాకా తెచ్చారు.