ఓబులేసు నడపని బండి

ఏడేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అంటే మీకు నా మీద జాలి కలుగుతుందేమో. వద్దు. అబద్ధం నాది, దాని కింద నలిగిపోయింది ఇంకొకడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఏడుపు రాదు, కోపం వస్తుంది. నా ముఖం నేనే పగలగొట్టుకోవాలన్నంత కోపం.

నా పేరు రాయను. రాసే ధైర్యమే ఉంటే మీకెందుకు చెప్తాను, చెప్పాల్సిన చోటే చెప్పేవాణ్ణి కదా? మార్కాపురంలో వాహనాలకు ఇన్సూరెన్స్ చేయించే ఏజెంటును. అంత వరకు తెలిస్తే చాలు.

మా ఆఫీసుకు రోజూ ఎవరో ఒకరు ఫోను చేత్తో పట్టుకుని వస్తారు. ఓవర్ స్పీడ్ చలానా పడింది, ఇన్సూరెన్స్ పెరుగుతుందా అంటారు. నేను కుర్చీలో వెనక్కి వాలి పాఠం మొదలుపెడతాను. ఒక్క చలానాతో ప్రీమియం ఉన్నపళంగా పెరగదు. ముందు ఫోటో తెరిచి చూసుకో, నంబరు నీ బండిదేనా, ఆ టైముకు నువ్వు అక్కడున్నావా. తప్పుగా పడితే ఫిర్యాదు పెట్టు. నీదే అయితే కట్టేసెయ్, నాన్చకు. అసలు ముప్పు ఎప్పుడంటే, అదే బండికి యాక్సిడెంటు జరిగి క్లెయిము పెట్టుకున్నప్పుడు. అప్పుడు ఆ చలానాను బయటికి లాగుతారు. ఇంత వివరంగా నీకెలా తెలుసని ఎవరూ అడగరు. అడిగితే ఏం చెప్పాలి? నా చలానాతో ఒక మనిషి బతుకు పోయింది, అలా నేర్చుకున్నానని చెప్పాలా?

అది ఆదివారం. గిద్దలూరులో ఒక ట్రాక్టరు రెన్యువల్ ఉంది. ఇంకో ఏజెంటు ఆ మనిషి ఇంటికి బయల్దేరాడని తెలిసి, వాడికంటే ముందు పోవాలని కారు తీశాను. ఎంత గొప్ప పనో చూడండి! ఒక్క పాలసీ. కంభం ఇంకా రాకముందే వందకు పైన పోతున్నాను. కంభం దాటాక గొర్రెలు రోడ్డు దాటుతున్నాయి. దూరం నుంచే కనిపించాయి. హారన్ కొడితే తప్పుకుంటాయిలే అనుకున్నాను. తప్పుకోలేదు. రెండు గొర్రెలు చచ్చాయి. వాటిని అదిలిస్తూ వెనక వస్తున్న పెద్దాయన ఎగిరి పక్కన పడ్డాడు. కాలు ఎటు తిరగకూడదో అటు తిరిగి ఉంది.

ఆయన్ను నా కార్లోనే గిద్దలూరు ఆస్పత్రికి తీసుకెళ్ళాను. అది మంచితనమని ఇప్పటికీ చెప్పుకుంటారు. దారిలో నేను ఆలోచించింది ఆయన కాలు గురించి కాదు. నా లైసెన్సు గురించి. అది గడువు తీరిపోయి ఎనిమిది నెలలు. ఊరందరికీ ఫోన్లు చేసి మీ కాగితాలు రెన్యువల్ చేయించుకోండి అని గుర్తుచేసే నేను, నాది చేయించుకోలేదు. బుద్ధి గడ్డి తిన్నది అంటారే, అలా.

ఆస్పత్రి మెట్ల మీద ఉండగానే ఫోనుకు మెసేజ్ వచ్చింది. ఓవర్ స్పీడ్, చలానా. కంభం ముందర ఎక్కడో స్పీడ్ గన్ పెట్టుకుని ఉన్నారు. ఫోటోలో నంబరు స్పష్టంగా ఉంది. అద్దం మీద ఎండ పడి నడిపేవాడి ముఖం తెల్లగా అలికినట్టుంది. ఆ ముఖం కనపడనందుకు నాకు సంతోషం కలిగింది. అవును, సంతోషమే. ఎందుకు దాచాలి?

మా వృత్తిలో ఒక అలవాటు ఉంది. 'డ్రైవర్ని చూపించడం' అంటాము. నడిపినవాడికి లైసెన్సు లేకపోతే, ఉన్నవాడి పేరు కాగితాల్లో రాయిస్తాము. అందరూ చేస్తారు, ఎవరికీ ఏమీ కాదు అని ఒకరికొకరు చెప్పుకుంటాము. నేనే ఎంతమందికి చెప్పానో.

ఓబులేసుకు ఫోను చేశాను. గిద్దలూరులో ఒక ప్రైవేటు బడి బస్సు నడిపేవాడు. ఆ బస్సుల ఇన్సూరెన్స్ నాదే కాబట్టి పరిచయం. నన్ను మామా అని పిలుస్తాడు, నోట్లో నాలుక లేని మనిషి. పది నిమిషాల్లో వచ్చాడు. ఆస్పత్రి బయట, కొబ్బరిబోండాల బండి పక్కన నిలబడి మాట్లాడుకున్నాము. ఆ మాటలు ఒక్కటి కూడా మర్చిపోలేదు.

"నీ పేరు, నీ లైసెన్సు రాపిస్తా అల్లుడా. కాగితం మీద మాత్రమే."

"నేను బస్సు నడిపేవాణ్ణి మామా. కేసంటే బడోళ్ళు ఊరుకుంటారా?"

"ఏం కేసు? మెల్లగా వస్తాంటే గొర్రెలు అడ్డమొచ్చినాయి. జరిమానాతో పోతాది."

"మెల్లగానే వచ్చినావా?"

"నలభై కూడా లేదు."

ఓబులేసు లోపలికి పోయి పెద్దాయన కాలు చూసి వచ్చాడు. "ఇంకెవరన్నా ఉంటే చూడరాదా?"

అప్పుడు అన్నాను ఆ మాట. "నీ పేరు రాయకపోతే కంపెనీ ఆ పెద్దాయనకు ఒక్క పైసా ఇయ్యదు. కాలు పోయి కూర్చుంటాడు. నీ ఇష్టం."

"ఆయనకు వస్తాదంటే రాపీ మామా," అన్నాడు.

మీకు తెలియకపోవచ్చు, నాకు తెలుసు. లైసెన్సు గడువు తీరిపోయినా, దెబ్బ తగిలినవాడికి ముందు కంపెనీతో ఇప్పించి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి కోర్టులు. ఎన్ని కేసుల్లో చూడలేదు! ఆ పెద్దాయనకు ఎలాగైనా వచ్చేది. పోయేది నా జేబులోంచి, అంతే. ఓబులేసు ఒప్పుకున్నది ఆ కాలు చూసి. నేను ఆ కాలునే అడ్డం పెట్టుకున్నాను. ఛీ! మనిషి అంతకంటే దిగజారగలడా? చాలాసార్లు నన్ను నేనే అడిగాను. దిగజారగలడు. తర్వాతి వారమే తెలిసింది.

దెబ్బ తగలగానే పెద్దాయనకు స్పృహ తప్పింది, తెలివొచ్చింది ఆస్పత్రిలోనే, ఎవరు నడిపారో చూడలేదు. నేను పక్క సీట్లో ఉన్నానని రాయించాను. మర్నాడు ఉదయం ఆఫీసుకు రాగానే ఆ చలానా కట్టేశాను. పెండింగు ఉంటే రేపు రెన్యువల్‌కు అడ్డం అని, అలవాటు కొద్దీ. ఇంకే ఏజెంటూ చేయడు ఇంత తెలివిమాలిన పని. కడితే తప్పు ఒప్పుకున్నట్టే కదా. పోలీసులు బండి నంబరు కొట్టి చూశారు. అదే రోడ్డు, అదే పూట, వందకు పైన వేగం, జరిమానా కట్టేసి ఉంది. మెల్లగా వచ్చానని సంతకం పెట్టిన ఓబులేసు వాళ్ళ ముందు అబద్ధాలకోరు అయ్యాడు. నేను నేర్పిన మాటే చెప్పాడు, నేను కట్టిన చలానాకే దొరికిపోయాడు.

తర్వాతి వారం నా దగ్గరికి వచ్చి, చలానా సంగతి ముందే తెలుసా మామా అని అడిగాడు. తెలియదన్నాను. నమ్మాడు. ఎందుకు నమ్మాడు? నా గల్లా పట్టుకుని అడగొచ్చు కదా! నాలుగు తగిలించొచ్చు కదా! ఆ నమ్మకం మీద కూడా నాకు కోపమే. కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు. లైసెన్సును కొన్నాళ్ళు సస్పెండ్ చేశారు. బడివాళ్ళు కొన్నాళ్ళనలేదు, పిల్లల్ని నీ చేతికి ఎలా ఇస్తామని శాశ్వతంగా పొమ్మన్నారు. ఇప్పుడు మార్కాపురంలో పలకలు కోసేచోట లోడింగు పని చేస్తున్నాడు. ఎప్పుడు కనపడ్డా తల మీదా, కనురెప్పల మీదా రాతిపొడి ఉంటుంది. ఏడేళ్ళలో భార్యకు కూడా నిజం చెప్పలేదట. చెప్తే ఆమె నా మీదికి గొడవకు వస్తుందని.

ఇంకా వినండి. చలానాతో వచ్చే కుర్రవాళ్ళకు బుద్ధి చెప్పడానికి నేను ఓబులేసు కథ చెప్పేవాణ్ణి. బంగారం లాంటి డ్రైవరు, ఒక్కనాడు స్పీడుకు పోయి బతుకు పాడుచేసుకున్నాడు అని. నా నోరు పడిపోను! చెప్పిచెప్పి కొన్నిసార్లు నాకే నిజమనిపించేది.

పోయిన వారం యర్రగొండపాలెం నుంచి ఒక బడి కరస్పాండెంటు ఫోను చేశాడు. ఓబులేసు బస్సు డ్రైవరు పనికి అడిగి, తన గురించి తెలిసిన పెద్దమనిషని నా పేరు ఇచ్చాడట. "స్పీడుగా పోయి ఒకాయన్ని గుద్దినాడంట గదా. ఇప్పుడు ఎట్ల నడుపుతాడు?" అని అడిగాడు కరస్పాండెంటు. ఒక్క మాట చాలు. ఏడేళ్ళ తర్వాత దేవుడు నోటి దగ్గరికి తెచ్చి పెట్టాడు ఆ మాటను. నేనేమన్నానో తెలుసా? "ఇప్పుడు మారినాడు సార్, మెల్లగా నడుపుతాడు" అన్నాను.

ఆ పని ఇంకొకరికి ఇచ్చారు. సాయంత్రం ఓబులేసు ఫోను చేశాడు. "పనయితే రాలేదు గానీ మామా, నా గురించి మంచిగా చెప్పినావంట" అన్నాడు. ఆ గొంతులో ఎగతాళి ఉందేమోనని వెతికాను. లేదు. నిజంగానే కృతజ్ఞత.

మారాడట! ఏం మారాలి అతను? పిల్లల్ని ఎక్కించుకుని ఒక్క గతుకులో కూడా బస్సును దూకించని మనిషి. మారాల్సినవాడు ఫోనుకు ఇవతల ఉన్నాడని ఆ కరస్పాండెంటుకు చెప్పలేకపోయాను. ఓబులేసుకు చెప్పలేకపోయాను. మీకు చెప్పాను. క్షమించమని అడగడం లేదు, క్షమించడానికి మీరెవరు, మీ కాలు విరగలేదు, మీ బస్సు పోలేదు. రాశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. పొద్దున్నే పలకల పనికి పోయే ఓబులేసుకు ఆ మాత్రం ఊపిరి కూడా నేను మిగల్చలేదు.