నిప్పు పెట్టుకున్న నోటితోనే పాటలు పాడాను

సహోదరులారా, అక్కలారా, ఈ రోజు నేను మీ ముందు నోరు తెరిచి నిలబడ్డానంటే అది దేవుడు చేసిన పనే, ఎందుకంటే పోయిన ఏడాది దాకా ఈ నోట్లో నిప్పుండేది! మన తీరంలో అడ్డచుట్ట తెలియనిదెవరికి? సముద్రపు గాలికి ఆరిపోకుండా వెలిగించిన కొసను నోటి లోపలికి పెట్టుకుని కాల్చడం మా అత్తమ్మే నాకు నేర్పింది, చేపలు ఎండబెట్టే చోట ఇద్దరం కలిసే కాల్చేవాళ్లం, ఆదివారం వస్తే చుట్టను నడుము దగ్గర చీర రొంటిలో దోపుకుని ఇదే మందిరంలో, ఇదే నోటితో పాటలు పాడేదాన్ని!

నా మొదటి బిడ్డ నెలలు నిండకుండా పుట్టి మూడో రోజున చనిపోయింది. ఆ దుఃఖంలో చుట్టలు మరీ ఎక్కువయ్యాయి, మళ్లీ కడుపుతో ఐదో నెల వచ్చినా మానలేదు, వేవిళ్లకు పొగ మంచిదని అత్తమ్మ తానే చుట్టి ఇచ్చేది.

అప్పుడు మా ఊళ్లో కాన్పులు చూసే నర్సమ్మ, చుట్ట కాలుస్తావా అని అడిగితే లేదని అబద్ధమాడాను, ప్రభువు నన్ను క్షమించాలి! ఆవిడ నోరు తెరవమంది. నిప్పు సెగకి అంగిలంతా తెల్లబడిపోయి ఉంది. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి! అయినా ఆవిడ తిట్టలేదు, పక్కన కూర్చుని బిడ్డ గుండె చప్పుడు వినిపించి, "నువ్వు పీల్సిన పొగ దానికీ పోతాదమ్మా. నువ్వొక్కర్తివే కష్టపడక్కర్నేదు, నానున్నాను" అంది.

ఇంటికొచ్చి పొయ్యి దగ్గరే మోకరించాను. "తండ్రీ, నా సెయ్యి రొంటికే పోతన్నాది, నాను ఆపలేకపోతన్నాను, నువ్వే పట్టుకో! ఈ బిడ్డని నాను పొగకి ఇవ్వను!"

ఆ అలవాటు ఒక్క పూటలో పోలేదు సుమా! తలనొప్పి, చిరాకు, మా ఆయన మీద కేకలు. నర్సమ్మ రెండు రోజులకోసారి వచ్చేది, మనసు లాగినప్పుడల్లా నమలమని సోంపు మూట ఇచ్చింది, దాన్ని చుట్ట ఉండే రొంటిలోనే దోపుకున్నాను. ఒకరోజు ఆగలేక ఒకటి కాల్చేసి ఏడుస్తూ ఆవిడ దగ్గరికి పరుగెత్తితే, "రేపు మళ్లీ మొదలెడదాం" అంది, అంతే! అత్తమ్మను కూడా పిలిచి కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది, ముసలావిడ మాత్రం మూతి ముడుచుకుని లేచిపోయింది.

దేవునికే మహిమ! నెలలు నిండాక, ఆ నర్సమ్మ చేతుల్లోనే పాప పుట్టింది, దాని ఏడుపు వీధి చివరిదాకా వినిపించింది! అత్తమ్మ లోపలికొచ్చి, పాపను ఎత్తుకోకముందు నా దగ్గర వంగి నోరు తెరిచి చూపించింది. "సూడే, నిప్పు నేదు! ఇప్పుడు ముద్దెట్టుకోవచ్చా?" నాకు తెలియకుండా ఆవిడ కూడా నెల రోజుల ముందే మానేసింది, సహోదరులారా!

రొంటిలో దాచుకుని వచ్చిన అక్కలారా, నాకు తెలుసు, నేనూ అక్కడే దాచాను. కడుపుతో ఉన్నవాళ్లు నర్సమ్మ దగ్గర అబద్ధమాడకండి, దేవుని దగ్గర అసలే వద్దు. నోరు తెరవండి చాలు, లోపలి నిప్పు ఆయన తీసేస్తాడు!