ఊ కొట్టని పిచ్చుక కథ

మొన్న సెలవులకు వచ్చిన మనవరాలు తన ఫోనులో ఒక ఆఫ్రికా పాట వినిపించింది. ఒకామె కథ చెబుతున్నట్టు పాడుతుంటే పదిమంది బదులు పలుకుతున్నారు. నీళ్ల కోసం ఆడవాళ్లు పడే అగచాట్ల గురించట. అక్కడి అమ్మమ్మలు చెప్పే జంతువుల కథల వరసలోనే ఇప్పటి కష్టాలకూ పాటలు కడతారట. అంత దూరం ఎందుకే, ప్రత్తిపాడు పక్క మిరప కళ్లంలో మా మేనత్త చేసిందీ అదే అని చెప్పబోయేలోగా ఆ పిల్ల ఇంకో పాట పెట్టేసింది.

పందొమ్మిది వందల అరవైల్లో మిరపకాయలు ఏరిన చేతులున్న వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఎండిన కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతుంటే ఘాటుకు కళ్లూ ముక్కూ ఏకమయ్యేవి. మేనత్త సగం మాటగా, సగం పాటగా కథ ఎత్తుకుంటేనే మాకు పొద్దు గడిచేది. వరసలో ఒకరు ఊ కొట్టాలి, ఊ రాకపోతే కథ ఆపేయాలి, అది కళ్లం కట్టుబాటు. కొత్తగా పెళ్లయి వచ్చిన నాకు ఆ ఊ కొట్టే పని అప్పగించింది, నేను తెగ మురిసిపోయాను.

ఆ ఏడు మా వరసలో ఒక బాలింత ఉండేది. బిడ్డకు పాలిచ్చే ముందు బావి దాకా పోయి చేతులు కడుక్కొస్తానంటే, పని చెడుతుందని కళ్లం ఆసామి పోనిచ్చేవాడు కాదు. కారపు చేతులు తగిలి ఆ పసిది గుక్కపట్టి ఏడుస్తుంటే మేమంతా తలలు వంచుకునేవాళ్లం. ఒక మధ్యాహ్నం, ఆసామి అక్కడే నిలబడి ఉండగా, మేనత్త పిచ్చుక కథ మొదలుపెట్టింది. ముక్కుకు కారం అంటింది, కడుక్కొచ్చి పిల్లకు మేత పెడతానంటే గద్ద కదలనివ్వలేదని పాడి, ఊ కోసం ఆగింది. ఆ గద్ద ఎవరో కళ్లమంతటికీ తెలుసు.

"ఏమే, నిద్దరొచ్చిందా?" అంది నా వంక చూసి.

మా ఆయన ఆ ఆసామి దగ్గరే పాలేరు. నేను తలెత్తలేదు. ఇంకాసేపు చూసి, పిచ్చుకను అక్కడే వదిలేసి ఆవిడ పనిలో పడింది. మర్నాటి నుంచి బాలింత రాలేదు. మేనత్త నన్ను పల్లెత్తు మాట అనలేదు, ఎప్పటిలాగే కూర తెచ్చిపెట్టేది, తల దువ్వేది. పోయేదాకా కథ మాత్రం మళ్లీ చెప్పలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ వరసలో ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. కళ్లాల్లోనూ ఎవరి చెవిలో పాట వాళ్లదే, ఊ కొట్టే పనే లేదు. మనవరాలు వెళ్తూ ఆ పాట నా ఫోనులో వేసిపోయింది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఆ పాడే ఆమె ఆగిన చోటల్లా ఒంటరిగా కూర్చుని ఊ కొడుతున్నాను. నేను కొట్టకపోయినా ఆ పాట సాగిపోతుందని తెలుసు. నా ఊ లేక ఆగిపోయిన కథ ఒక్కటే.